చిగుళ్ళ వ్యాధి: నీడల సాక్ష్యం

పన్ను నోటిలో కనిపించినంత మేరకే పన్ను కాదు. ఆరేళ్ళ ప్రాయంలో కింది దవడలో మొలిచే మొదటి చర్వణకాన్ని ఉదాహరణగా తీసుకొన్నట్లయితే, పింగాణి పొర కప్పిన పైభాగం ఎత్తు ఇంచుమించు 7 లేక 8 మి.మీ. మాత్రమే, దవడ ఎముకలో పాతుకొన్న వేరు పొడవు సుమారు 14 మి.మీ. ఉంటుంది. వేయించిన సెనగలు నమిలినా, ఎండిన జొన్నరొట్టె నమిలినా, ఆ బరువునంతా మోసేది కనిపించని ఈ వేరూ, దాని చుట్టూ ఉన్న ఎముకా, ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే సన్నని నారపోగులూను. పందిరి గుంజ చుట్టూ మట్టి తరిగిపోతే గుంజ చెక్కుచెదరకుండానే పందిరి ఊగులాడుతుంది. అట్లే పన్ను ఏ మాత్రం పుచ్చకుండానే, చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయి, ఊడిపోవచ్చును. చిగుళ్ళ వ్యాధి ముదిరినపుడు జరిగేది ఇదే. జనసామాన్యంలో పయోరియా అని పేరుపడిన ఈ వ్యాధిని వైద్యులు పెరియోడాంటైటిస్ అంటారు.

ఈ వ్యాధికి మొదటి కారణం పంటి మెడ దగ్గర పేరుకొనే పాచి. అది కేవలం అన్నపు మెతుకుల మురికి కాదు. కోట్లకొలది సూక్ష్మజీవులు అల్లుకొన్న పొర. అందులో సున్నపు లవణాలు చేరి గట్టిపడితే గార అవుతుంది. సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి శరీరం రక్తప్రవాహాన్ని పెంచుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, ముట్టుకొంటే నెత్తురు కారుతుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు తిరిగి పూర్తిగా ఆరోగ్యం పొందగలదు. కొందరిలో మాత్రం పోరాటం లోలోపలికి సాగి, పంటిని ఎముకతో కట్టిపెట్టిన పోగులు తెగి, చిగురుకూ వేరుకూ మధ్య ఒక సంచి వంటి ఖాళీ ఏర్పడుతుంది. దాని వెంట ఎముక అంచు కిందికి జారుతుంది. అట్లా పోయిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి లేదు గనుక వ్యాధి లేదనుకొని ఏళ్ళ తరబడి ఊరకుండడమే ఈ వ్యాధిలోని ప్రమాదం.

కనిపించని ఎముకను చూడడానికి ఎక్స్ రే కన్న తేలిక మార్గం లేదు. జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ నగరంలో రాంట్‌జన్ ఈ కిరణాలను కనుగొన్నది 1895 నవంబరు 8న. కొద్ది వారాలకే, 1896 జనవరిలో, బ్రౌన్‌ష్వైగ్ నగరానికి చెందిన దంతవైద్యుడు ఒట్టో వాల్క్‌హాఫ్ గాజుపలకను తన నోటిలోనే ఉంచుకొని, 25 నిమిషాలు కదలకుండా ఉండి, తన పళ్ళ చిత్రం తీయించుకొన్నాడు. నేడు అదే పనికి సెకనులో కొద్ది భాగం చాలును. నాటి పలక స్థానంలో ఫిల్మూ, ఫిల్ము స్థానంలో అనేక చోట్ల ఎలక్ట్రానిక్ ఫలకమూ వచ్చినవి. అయితే సాధనం ఎంత మారినా, దానిమీద పడేది నీడయే. ఆ నీడకు ఎంత విలువ ఇవ్వవచ్చును, ఎక్కడ ఇవ్వరాదు అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

ఈ విచారణకు తగిన ఆధారం ఒకటి ఉన్నది. 2017 నవంబరులో అమెరికా, యూరపు దేశాల చిగుళ్ళ వైద్య సంఘాలు చికాగోలో సమావేశమై, 1999 నాటి పాత వర్గీకరణను తోసివేసి, వ్యాధికి కొత్త వర్గీకరణను రూపొందించినవి. 2018లో ప్రచురితమైన ఆ పట్టిక నేడు ప్రపంచమంతటా దంతవైద్య కళాశాలలలో బోధించబడుతున్నది. అందులో ఎక్స్ రే చిత్రానికి పెద్దపీట వేయబడింది. ఆ పట్టిక గుణదోషాలను, ముఖ్యంగా రెండు మూడు వేళ్ళు గల చర్వణకాల విషయంలో, పరిశీలిస్తే నీడల సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినదో తేటపడుతుంది.

పట్టికలో ఏమున్నది?

పాత వర్గీకరణ వ్యాధిని ప్రధానంగా రెండు రకాలుగా విభజించింది: మెల్లగా సాగే దీర్ఘవ్యాధి ఒకటి, దూకుడుగా సాగేది ఒకటి. ఈ రెండింటికీ నడుమ గీత ఎక్కడ గీయాలో వైద్యులకు సులభంగా తెలిసేది కాదు. కొత్త పట్టిక ఆ పేర్లను విడిచి, రెండు ప్రశ్నలు వేస్తుంది. ఇంతవరకు ఎంత నష్టం జరిగింది? ఆ నష్టం ఎంత వేగంతో జరుగుతున్నది? మొదటి ప్రశ్నకు జవాబు 'దశ', రెండవదానికి 'శ్రేణి'.

దశలు నాలుగు. చిగురు పట్టు ఎన్ని మిల్లీమీటర్లు తెగిందో సలాకతో కొలిచి దశను నిర్ణయించడం ప్రధాన మార్గం. ఆ కొలత లేనిచోట ఎక్స్ రేలో కనిపించిన ఎముక నష్టాన్ని ఆధారం చేసుకోవాలి. వేరు పొడవులో 15 శాతానికి లోపు ఎముక పోతే మొదటి దశ. 15 నుంచి 33 శాతం వరకు రెండవ దశ. నష్టం వేరు నడిమి భాగానికి గాని అంతకన్న కిందికి గాని చేరితే మూడవ దశ. నష్టం ఆ మేరకే ఉండి, ఈ వ్యాధివల్ల అయిదు గాని అంతకు మించి గాని పళ్ళు ఊడి, నమలడమే కష్టమైనపుడు నాలుగవ దశ.

శ్రేణులు మూడు: ఏ, బి, సి. అయిదేళ్ళ కిందటి చిత్రమో కొలతో ఉంటే దానితో పోల్చి చూడాలి. ఆ కాలంలో నష్టం లేకుంటే ఏ శ్రేణి, 2 మి.మీ. లోపు అయితే బి, 2 మి.మీ. గాని అంతకన్న ఎక్కువ గాని అయితే సి. పాత చిత్రం లేకపోతే, ఎముక నష్టపు శాతాన్ని రోగి వయస్సుతో భాగించాలి. వచ్చిన ఫలం 0.25 కన్న తక్కువైతే ఏ; 0.25 నుంచి 1.0 వరకు బి, 1.0 దాటితే సి. ముప్పై ఏళ్ళవానికి 40 శాతం ఎముక పోయి ఉంటే 40ని 30తో భాగించగా 1.33, అతడు సి శ్రేణికి చెందుతాడు. అరవై ఏళ్ళవానికి అంతే నష్టం ఉంటే 0.67, అతడు బి శ్రేణి. ఒకే నీడ, రెండు తీర్పులు. ఇది న్యాయమే. ముప్పై ఏళ్ళలో జరిగిన నష్టమూ, అరవై ఏళ్ళలో జరిగిన నష్టమూ ఒకటి కావు గదా!

శాతంలోని సుగుణం

ఈ పట్టికను రూపొందించినవారు నష్టాన్ని మిల్లీమీటర్లలో గాక శాతంలో చెప్పడంలో ఒక తెలివి ఉన్నది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసిన సరూప త్రిభుజాల సూత్రంతోనే దీనిని గ్రహించవచ్చును. కిరణాలు ఒక చిన్న బిందువు నుంచి బయలుదేరి విచ్చుకొంటూ పోతవి గనుక, నీడ ఎప్పుడూ వస్తువు కన్న కొంచెం పెద్దది. కిరణ స్థానం నుంచి ఫిల్ముకు దూరం 20 సెం.మీ. అనీ, పంటికీ ఫిల్ముకూ నడుమ దూరం 2 సెం.మీ. అనీ అనుకొంటే, నీడ 20/18 రెట్లు, అంటే దాదాపు 11 శాతం పెద్దదవుతుంది. అదే దూరం 40 సెం.మీ. చేస్తే 40/38 రెట్లు, అంటే సుమారు 5 శాతమే పెరుగుతుంది. గొట్టాన్ని దూరంగా ఉంచి, ఫిల్మును పంటికి సమాంతరంగా ఒక పట్టుకొయ్యతో నిలిపి చిత్రం తీయడంలోని రహస్యం ఇదే.

నీడ ఎంత పెరిగినా, వేరు పొడవూ ఎముక పోయిన లోతూ ఒకే నిష్పత్తిలో పెరిగితే శాతం మారదు. 14 మి.మీ. వేరులో 5 మి.మీ. పోతే 36 శాతం. చిత్రంలో అవి 15.4, 5.5 అయినా 36 శాతమే. కాబట్టి మిల్లీమీటర్లకు లేని స్థిరత్వం శాతానికి ఉన్నది. ఇది మెచ్చుకోదగిన గుణం.

కాని ఈ గుణం ఒక షరతుకు లోబడినది. పంటి మెడ, ఎముక అంచు, వేరు కొస, ఈ మూడూ ఫిల్ముకు ఇంచుమించు సమాన దూరంలో ఉండాలి. గొట్టాన్ని బాగా ఏటవాలుగా పట్టినపుడు ఈ షరతు చెడుతుంది. బుగ్గవైపు ఎముక ఫిల్ముకు దూరంగానూ, నాలుకవైపు ఎముక దగ్గరగానూ ఉంటవి. గోడకు దూరంగా ఉన్న వస్తువు నీడ, దీపం కోణం మారినపుడు, గోడకు అంటుకొన్న వస్తువు నీడ కన్న ఎక్కువగా జరుగుతుంది. అదే విధంగా ఏటవాలు కిరణాలలో బుగ్గవైపు ఎముక నీడ పంటి పైభాగం వైపు జరిగి, పోయిన ఎముక ఇంకా ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది. నష్టం అసలుకన్న తక్కువగా కనిపిస్తుంది. రోగికి ఇది సుఖంగా వినిపించే అబద్ధం. అందుకే మరింత హానికరం.

మరొక చిక్కు ఉన్నది. 1925లో హోవార్డ్ రేపర్ అనే అమెరికా దంతవైద్యుడు ప్రవేశపెట్టిన పద్ధతిలో, రోగి ఒక చిన్న రెక్కను పళ్ళతో కరచి పట్టుకొంటాడు. పై పళ్ళ, కింది పళ్ళ మెడలు రెండూ ఒకే చిత్రంలో పడతవి. కిరణాలు ఇంచుమించు లంబంగా పడతవి గనుక ఎముక అంచు చిత్రణలో దీనికి సాటి లేదు. కాని ఇందులో వేరు కొస కనిపించదు. వేరు పూర్తి పొడవు తెలియనిదే శాతం కట్టడం ఎట్లా? కొసవరకు చూపే చిత్రం వేరు, అంచును సరిగా చూపే చిత్రం వేరు. ఒక్కదానితో పని జరిగిపోతుందని పట్టికను చూచి అనుకొనే విద్యార్థి పొరబడతాడు.

కొలత ఎక్కడ మొదలు?

భాగహారం చేసేముందు ఏది భాజ్యమో తెలియాలి. పట్టిక గళ్ళలో శాతాలున్నవి. కొలత ఏ గీత నుంచి మొదలు పెట్టాలో ఆ గళ్ళలో కనబడదు. ఇది చిన్న విషయంగా కనిపించినా చిన్నది కాదు. సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్న పంటికి సైతం ఎముక అంచు, పింగాణి ముగిసే గీత దగ్గర ఉండదు. 1 నుంచి 2 మి.మీ. కిందనే ఉంటుంది. 14 మి.మీ. వేరులో 2 మి.మీ. అంటే 14 శాతం. పింగాణి గీత నుంచే గుడ్డిగా కొలిస్తే, ఏ జబ్బూ లేని పన్ను కూడ మొదటి దశ సరిహద్దు దాకా వచ్చి నిలుస్తుంది.

పైన చెప్పిన ఉదాహరణనే మళ్ళీ చూడవచ్చును. ఎముక అంచు పింగాణి గీతకు 5 మి.మీ. కింద ఉన్నది. ఉన్నదున్నట్లు కట్టితే 14లో 5, అంటే 36 శాతం, మూడవ దశ. సహజమైన 2 మి.మీ.లను రెండువైపులా తీసివేసి కట్టితే 12లో 3, అంటే 25 శాతం, రెండవ దశ. పన్ను ఒకటే, చిత్రం ఒకటే, లెక్కలో కూడ తప్పు లేదు. అయినా తీర్పు మారింది. ఏ గీత నుంచి కొలిచినారో వ్రాయని శాతం, ఏ ఊరి నుంచో చెప్పని దూరం వంటిది.

ఇక వయస్సుతో భాగించే సూత్రం. ఇందులో దాగి ఉన్న ఊహ ఏమనగా, నష్టం పుట్టిన నాటినుంచి ఏటా సమానంగా జరిగిందని. నిజానికి చర్వణకం పుట్టుకతో రాలేదు, ఆరేళ్ళకు మొలిచింది. లేని పంటి చుట్టూ ఎముక పోదు. పదునెనిమిదేళ్ళ కుర్రవానికి 15 శాతం నష్టం ఉంటే, వయస్సుతో భాగిస్తే 0.83, బి శ్రేణి. పంటి ప్రాయమైన 12తో భాగిస్తే 1.25, సి శ్రేణి. అరవై ఏళ్ళవాని విషయంలో 60తో భాగించినా, 54తో భాగించినా పెద్ద తేడా రాదు. అంటే సూత్రం ఎవరిపట్ల ఎక్కువ జాగ్రత్త వహించాలో, ఆ చిన్నవారిపట్లనే ఎక్కువ మెతక. పట్టిక కర్తలు దీనికి కొంత పరిహారం చేసినారు. చిన్న వయసులోనే మొదటి చర్వణకాల చుట్టూ, ముందు పళ్ళ చుట్టూ వ్యాధి కనిపిస్తే, దానిని సి శ్రేణి లక్షణంగా చేర్చినారు. ఈ మాటను గళ్ళలో చదవకుండా భాగహారం మాత్రమే చేసేవాడు పట్టికకు అన్యాయం చేసినట్లే.

వేగం సమానంగా ఉంటుందన్న ఊహ కూడ పరీక్షకు నిలిచేది కాదు. శ్రీలంక తేయాకు తోటలలో పనిచేసే, పళ్ళు తోముకొనే అలవాటు లేని 480 మంది పురుషులను 1970 నుంచి అనేక సంవత్సరాలు పరిశీలించి, నార్వే దేశీయుడైన హరాల్డ్ లో, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన ఫలితాలు ప్రసిద్ధమైనవి. అందరి పళ్ళమీదా పాచి, గార ఉన్నవి. అయినా 8 శాతం మందిలో వ్యాధి వేగంగా ముదిరింది. 81 శాతంలో ఒక మోస్తరుగా సాగింది. 11 శాతంలో చిగురు దాటి లోపలికి పోనేలేదు. ఒకే తోట, ఒకే అలవాటు, మూడు గతులు. సగటు వేగం ఒక్క మనిషి భవిష్యత్తును చెప్పజాలదు. రైలు సగటున గంటకు 40 కిలోమీటర్లు పోయిందంటే ఇప్పుడు స్టేషనులో ఆగి ఉన్నదో, పరుగెత్తుతున్నదో తెలియనట్లే, 40 శాతాన్ని 30తో భాగించిన సంఖ్య ఈనాడు వ్యాధి నిద్రిస్తున్నదో, మేలుకొని ఉన్నదో చెప్పదు. నీడ చెప్పేది జరిగిపోయిన కథ. వ్యాధి మేలుకొని ఉన్నదనే సూచన చిగురు తాకినపుడు వచ్చే నెత్తురులోనూ, సంచి లోతులోనూ వెదకవలసి ఉంటుంది; అది ఏ ఫిల్ములోనూ పడదు.

వేళ్ళ పంగ

చర్వణకాల దగ్గరకు వచ్చేసరికి సమస్య మరింత జటిలమవుతుంది. కింది చర్వణకానికి ముందొకటి, వెనుకొకటి రెండు వేళ్ళు. పై చర్వణకానికి బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి, మొత్తం మూడు. ఇవి చీలే చోటును వేళ్ళ పంగ అనవచ్చును. కింది మొదటి చర్వణకంలో ఈ పంగ పింగాణి గీతకు సుమారు 3, 4 మి.మీ. కిందనే మొదలవుతుంది. 14 మి.మీ. వేరులో ఇది 21 నుంచి 29 శాతం. అంటే శాతం లెక్కలో ఇంకా రెండవ దశలో ఉండగానే ఎముక అంచు పంగ నోటిదాకా దిగిపోగలదు. ఒంటివేరు పంటికి 25 శాతం నష్టం ఒక తీరు. చర్వణకానికి అంతే నష్టం మరొక తీరు. పంగ తెరచుకొన్న తరువాత పాచి లోపల చేరుతుంది. బ్రష్షు చేరదు, వేపపుల్ల అసలే చేరదు. 1979లో బవర్ అనే పరిశోధకుడు మొదటి చర్వణకాల పంగ ద్వారాలను కొలిచి, వాటిలో సగానికి పైగా, వైద్యులు గార గీసే పరికరపు అంచు కన్న ఇరుకైనవని చూపినాడు. వైద్యుని చేతికే అందని మూల అది.

కొత్త పట్టిక ఈ సంగతిని మరువలేదు. పంగలోకి వ్యాధి గణనీయంగా ప్రవేశిస్తే, శాతం తక్కువైనా మూడవ దశగా ఎంచవలెనని అందులో ఉన్నది. ఇది పట్టికలోని మంచి నిబంధనలలో ఒకటి. కాని పంగలో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి నీడ చాలునా అంటే, చాలదు. ఇర్వింగ్ గ్లిక్‌మన్ 1953లో పంగ వ్యాధిని నాలుగు మెట్లుగా విభజించినాడు: మొదటి గుంట, ఒకవైపునుంచి లోపలికి పోయినా ఆవలికి చేరని గుంట, చిగురు కప్పి ఉండగా ఈవలినుంచి ఆవలికి ఏర్పడిన సొరంగం, చిగురు కూడ తొలగి కంటికి కనిపించే సొరంగం. వీటిలో మొదటి మెట్టు సాధారణంగా ఎక్స్ రేకు చిక్కదు. రెండవది చిక్కవచ్చును, చిక్కకపోవచ్చును. కింది చర్వణకంలో రెండు వేళ్ళ నడుమ నల్లని చిన్న త్రిభుజం కనబడితే అనుమానించవచ్చును. పై చర్వణకంలో ఆ భాగ్యం కూడ లేదు. అంగిలివైపు వేరు నీడ సరిగా పంగమీదనే పడి, ఖాళీని పూడ్చినట్లు కనిపిస్తుంది. గుమ్మం ముందు మనిషి నిలబడితే తలుపు తెరచి ఉన్నదో లేదో తెలియనట్లే.

ఎముక స్వభావం కూడ ఈ సాక్ష్యాన్ని బలహీనపరుస్తున్నది. దవడ ఎముకకు బయట గట్టి పెంకూ, లోపల స్పంజివంటి భాగమూ ఉన్నవి. బెండర్, సెల్ట్‌జర్ అనే అమెరికా దంతవైద్యులు మృతుల దవడలలో కృత్రిమంగా గుంటలు చేసి చిత్రాలు తీసి, 1961లో ఫలితాలు ప్రకటించినారు. స్పంజి భాగానికే పరిమితమైన గుంటలు చిత్రంలో కానరాలేదు; గట్టి పెంకు దెబ్బతిన్న తరువాతనే నీడ మారింది. ఎముకలోని ఖనిజంలో ఇంచుమించు 30 నుంచి 50 శాతం పోయేవరకు చిత్రంలో తేడా కంటికి ఆనదని పాఠ్యగ్రంథాలు చెబుతున్నవి. కాబట్టి ఎక్స్ రేలో వ్యాధి కనిపించితే ఉన్నట్లే. కనిపించకపోతే లేనట్లు కాదు.

కనిపించినప్పుడు కూడ అది చిగుళ్ళ వ్యాధియే అని తొందరపడరాదు. పుచ్చు లోతుకు పోయి పంటిలోని నరం చచ్చినపుడు, ఆ విషం సన్నని మార్గాల గుండా పంగలోకి దిగి అక్కడి ఎముకను కరిగించవచ్చును. నీడ రెండింటిలోనూ ఒకే మాదిరి. చల్లదనం తగిలిస్తే పన్ను గుర్తిస్తుందా అని పరీక్షిస్తే తేడా తెలుస్తుంది. నరం చచ్చినందువల్లనే అయితే, వేరు కాలువను శుభ్రం చేసి మూసిన తరువాత ఆ ఎముక తిరిగి నిండుకొనే అవకాశం ఉన్నది. ఈ పరీక్ష చేయకుండా, పంగలో నలుపు చూచి పన్ను పీకించుకొన్నవాడు బాగుపడదగిన పంటిని పోగొట్టుకొంటాడు. చిత్రాన్ని చదవడంలో జరిగే పొరపాటుకు మూల్యం ఒక చర్వణకం. అది మళ్ళీ మొలిచేది కాదు.

పెద్ద యంత్రాలతో మూడు దిక్కులా ఎముకను చూపే చిత్రాలు తీయవచ్చును గదా అని అడగవచ్చును. అవి పంగను బాగా చూపగలవు. కాని వాటిలో కిరణాల మోతాదు ఎక్కువ. నోటిలో ఫలకం పెట్టి తీసే ఒక చిన్న చిత్రానికి కొన్ని మైక్రోసీవర్టులు మాత్రమే. నేల, ఆకాశం, ఆహారం, గాలి ద్వారా ప్రతి మనిషికీ సహజంగా ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు, అంటే రోజుకు 6 లేక 7 మైక్రోసీవర్టులు, అందుతూనే ఉంటవి. కాబట్టి అవసరమైన చిత్రానికి భయపడనక్కరలేదు. అవసరం లేని చిత్రం మాత్రం ఎంత చిన్నదైనా దండుగయే. ఈ పాఠం తేలికగా నేర్చుకొన్నది కాదు. అమెరికాలో పంటి ఎక్స్ రేకు తొలి ప్రచారకులలో ఒకడైన ఎడ్మండ్ కెల్స్, ఏళ్ళ తరబడి తన చేతులను కిరణాలకు ఒడ్డి, క్యాన్సరు పాలై, వేళ్ళను, తరువాత చేతిని కోల్పోయి, 1928లో దుర్మరణం పొందినాడు.

చుట్టకు లెక్క లేదు

పట్టికలో మరొక లోపం తెలుగువారికి ప్రత్యేకంగా సంబంధించినది. వ్యాధి వేగాన్ని పెంచే రెండు కారణాలను శ్రేణి నిర్ణయంలో చేర్చినారు. ఒకటి మధుమేహం: రోగికి ఆ వ్యాధి ఉండి, మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బి ఏ1సి పరీక్షలో ఫలితం 7 శాతానికి తక్కువైతే బి, 7 గాని అంతకు మించి గాని ఉంటే సి. ఇది నిస్సందేహంగా మేలైన ఏర్పాటు. మధుమేహం విరివిగా ఉన్న ఈ దేశంలో పంటి డాక్టరూ చక్కెర డాక్టరూ ఒకరి మాట ఒకరు వినేట్లు చేస్తుంది. రెండవది పొగ: రోజుకు 10 సిగరెట్లకు లోపు అయితే బి, 10 గాని అంతకు మించి గాని అయితే సి.

లెక్క సిగరెట్లలో ఉన్నది. బీడీకి లెక్క ఏమిటి? చుట్టకు లెక్క ఏమిటి? ఖైనీకి, గుట్కాకు ఏమిటి? శ్రీకాకుళం, విశాఖపట్టణం తీర ప్రాంతాలలో, ముఖ్యంగా స్త్రీలలో, నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చే 'అడ్డపొగ' అలవాటు ప్రపంచ వైద్యగ్రంథాలకు ఎక్కినదే. డెన్మార్కు దేశీయుడు పిండ్‌బోర్గ్, ఆయన సహచరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగవల్ల అంగిలిలో కలిగే మార్పులను గూర్చి 1971లో ప్రచురించిన పత్రం ఇందుకు నిదర్శనం. అట్టి స్త్రీ ఒకతె దంతవైద్యుని వద్దకు వస్తే, పట్టిక ప్రకారం ఆమె తాగే సిగరెట్లు సున్న. అక్షరం పట్టుకొని పోయే వైద్యుడు ఆమెను పొగ తాగనివారిలో చేర్చవలసి వస్తుంది! పైగా పొగ తాగేవారి చిగుళ్ళనుంచి నెత్తురు తక్కువగా వస్తుంది. అందువల్ల వ్యాధి లోపల సాగుతున్నా చిగురు శుభ్రంగా ఉన్నట్లు కనబడుతుంది. నీడ ఆలస్యంగా చెప్పేది, నెత్తురు దాచిపెట్టేది, పట్టిక అడగనిది, ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఆమె పళ్ళకు రక్ష ఎవరు? ఈ ప్రాంతపు వైద్య కళాశాలలు చుట్టకు, బీడీకి, నమిలే పొగాకుకు తగిన కొలమానాన్ని పరిశోధించి పట్టికకు జోడించడం అవసరం. అది విదేశీయులు చేసిపెట్టే పని కాదు.

తీర్పు

ఇన్ని లోపాలు ఎత్తి చూపినంత మాత్రాన చికాగో పట్టిక పనికిరానిదని కాదు. వ్యాధికి పేరు పెట్టడంతో తృప్తిపడక, నష్టమెంత, వేగమెంత అని అడగడం వైద్యశాస్త్రంలో ఒక ముందడుగు. కొలతను అందరూ ఒకే భాషలో చెప్పుకొనే వీలు కలిగించడం మరొక మేలు. పాత చిత్రం ఉంటే భాగహారం కన్న దానికే విలువ ఇవ్వవలెనన్న నియమం అన్నిటికన్న మేలైనది. వయస్సుతో భాగించడం, గతం తెలియనపుడు చేసే ఊహ. అయిదేళ్ళ ఎడంలో ఒకే కోణంలో తీసిన రెండు చిత్రాలు గతానికి సాక్షులు. ముప్పై ఏళ్ళకు 40 శాతం నష్టంతో సి శ్రేణిలో ఉన్నవాడు చికిత్స పొంది, ఆపైన ఒక్క మిల్లీమీటరు కూడ పోగొట్టుకోకుండా నలభై ఏళ్ళవాడైతే, భాగహారం అతనిని 1.0కు దించి బి శ్రేణిలో చేరుస్తుంది. అది చికిత్స ఫలమా, కేవలం పుట్టినరోజుల ఫలమా అన్నది ఆ పాత ఫిల్ము మాత్రమే చెప్పగలదు. అయినా పంటి చిత్రాలను ఇంటికి రాగానే పారవేసేవారే ఎక్కువ.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని జీవశాస్త్ర పాఠంలోనే గాక భౌతికశాస్త్ర పాఠంలోనూ చెప్పవచ్చును. ఒక కొవ్వొత్తి, రెండు పెన్సిళ్ళు, గోడ చాలును. ఒక పెన్సిలును గోడకు ఆనించి, రెండవదాన్ని జానెడు ఇవతల నిలిపి, కొవ్వొత్తిని పైకీ కిందికీ జరిపితే, రెండు నీడలు ఒకదానినొకటి దాటడం, కప్పుకోవడం పిల్లలు కళ్ళారా చూస్తారు. దీపాన్ని పక్కకు జరిపితే, ఇంతవరకు ఒక్కటిగా కనిపించిన నీడ రెండుగా విడిపోతుంది. పై చర్వణకపు మూడు వేళ్ళను విడదీసి చూడడానికి వైద్యులు గొట్టాన్ని కాస్త పక్కకు తిప్పి రెండవ చిత్రం తీయడంలో ఉన్నది ఈ సూత్రమే.

ఆ పిల్లలు రేపు పెద్దవారై పంటి డాక్టరు కుర్చీలో కూర్చొన్నపుడు, వెలుగుతున్న తెరమీద తమ చర్వణకాన్ని చూచి మూడు ప్రశ్నలు అడగగలిగితే చాలును. ఈ చిత్రంలో కొలత ఏ గీత నుంచి? సలాకతో సంచి లోతు, పంగ లోతు కొలిచినారా? ఇంతకుముందు చిత్రంతో పోల్చినారా? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాత ఉంచదగిన పన్నేదో, తీయదగిన పన్నేదో నిర్ణయించడం వైద్యుని వంతు. అంతవరకు, రాత్రి పడుకొనేముందు పంటి మెడల దగ్గర పాచిని తుడిచివేయడం మాత్రం ఎవరి వంతు వారిదే. దానికి ఏ కిరణాలూ అక్కరలేదు.